పాత సున్నపు గోడలు, కొత్త సిమెంటు గదులు: ఏ గదికి ఏ రంగు వేయించాలి?

మహేంద్రతనయ
నవంబర్ 6, రాత్రి 8:15

సభ్యులందరికీ నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి. మా ఇల్లు మామగారి తండ్రిగారి హయాంలో కట్టినది. వీధి వైపు రెండు గదులు, నడిమి గది ఇటుకా సున్నంతో కట్టినవి కావడం వల్ల గోడలు అడుగున్నర మందం ఉంటాయి. పెరటి వైపు వంటగది, పిల్లల గది, మేడ మీది గది మాత్రం చాలా ఏళ్ళ తరవాత సిమెంటుతో కట్టించినవి. మాఘమాసంలో ఇంట్లో పెళ్ళి ఉంది కనుక లోపలి గదులన్నిటికీ రంగులు వేయించాలని అనుకుంటున్నాము.

దుకాణంలో అడిగితే, ఇల్లంతా లప్పం (గోడను నునుపు చేసే పుట్టీ) పెట్టించి ఒకే రకం ఎమల్షన్ (నీళ్ళలో కలిపే ప్లాస్టిక్ రంగు) వేయించెయ్యండి, చూడడానికి ఏకంగా ఉంటుందన్నారు. నాకు మాత్రం సందేహంగా ఉంది. వీధి గదిలో గోడ అడుగున మోకాలి ఎత్తు వరకు పాత డిస్టెంపరు పెచ్చులుగా లేస్తోంది. చీపురు తగిలితే చాలు, తెల్లటి పొడి రాలుతోంది. నడిమి గదికి కిటికీ లేదు, పగటి పూట కూడా లైటు వేసుకోవలసిందే. అత్తగారికి ఉబ్బసం ఉన్నందువల్ల ఘాటైన వాసన పడదు. ఇక మా అమ్మాయి షేడ్ కార్డు ముందు పెట్టుకుని ఒక గదికి ముదురు ఆకుపచ్చ, ఇంకో గదికి నీలం అంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

రాయగడ మేస్త్రీ
నవంబర్ 6, రాత్రి 9:40

అమ్మా, నమస్కారం. రాయగడ, గుణుపురం వైపు పెయింటింగు పనులు చేయిస్తుంటాను. షేడ్ కార్డును కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఏ రంగు నిలుస్తుందో చెప్పవలసింది గోడ. అది ఇంకా మాట్లాడనే లేదు.

ముందుగా అరచేతిని గోడకు గట్టిగా రాసి చూడండి. చేతికి తెల్లగా అంటుకుంటే ఆ పాత పూతకు పట్టు పోయిందన్నమాట. దాని మీద ఎంత ఖరీదైన ఎమల్షన్ వేసినా, కింది పొడితో సహా ఊడి వస్తుంది. దాన్ని పూర్తిగా గీకించి, కడిగించి, ఆరనిచ్చాకే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) మాట ఎత్తాలి. పొడి అంటుకోని చోట చిన్న అతుకు టేపు ముక్క నొక్కి అంటించి, ఒక్కసారిగా లాగండి. టేపుకు రంగు పెచ్చు వస్తే అక్కడ కూడా గీకుడు తప్పదు.

రెండో పరీక్ష చెమ్మది. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు అంచులా గాలి దూరకుండా టేపు వేసి, ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయండి. మరునాడు కాగితానికి గది వైపు చెమర్చి ఉంటే అది గదిలోని గాలి తేమ. కిటికీలు తెరిస్తే, పంకా తిప్పితే తగ్గుతుంది. గోడ వైపు నీటి బొట్లు కనిపిస్తే చెమ్మ గోడలోనే ఉంది. అది ఎటు నుంచి వస్తోందో తేలకుండా బ్రష్షు ముట్టుకోవద్దు. వీధి గదిలో ఒకటి అడుగున, ఒకటి ఛాతీ ఎత్తున, వంటగదిలో ఒకటి పెట్టి చూసి ఇక్కడ రాయండి.

గుణుపురం మాస్టారు
నవంబర్ 7, ఉదయం 6:50

మేస్త్రీ గారు చెప్పిన క్రమమే సరైనది. సున్నపు గోడ విషయంలో దానికి ఒక కారణం జోడిస్తాను. బడిలో రసాయనశాస్త్రం చెప్పినవాడిని కనుక కొంచెం విస్తరించి రాస్తున్నందుకు సహించండి.

రాతిసున్నాన్ని నీళ్ళలో వేసినప్పుడు అది కుతకుత ఉడికి తడిసున్నంగా మారుతుంది. ఆ తడిసున్నాన్ని గోడకు పూసిన తరవాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చుకుని తిరిగి సున్నపురాయిగా గట్టిపడుతుంది. అంటే మీ వీధి గదుల గోడలోని అతుకూ, పైపూతా, దాని మీది వెల్లా అన్నీ ఒకే పదార్థానికి వేర్వేరు రూపాలు. ఆ గోడకు సన్నని రంధ్రాలుంటాయి. పాత ఇళ్ళకు పునాదిలో చెమ్మను ఆపే పొర సాధారణంగా వేయలేదు కాబట్టి, నేల నుంచి కొంత తడి గోడలోకి ఎక్కడం, ఎక్కినది గోడ ముఖం మీదుగా గాలిలోకి ఆరిపోవడం నిత్యం జరుగుతూనే ఉంటుంది. కట్టినవారు ఆ సంగతి తెలిసే గోడలు మందంగా కట్టి, ఏటా వెల్ల వేసుకున్నారు.

ఇప్పుడు ఆ గోడకు లప్పం పట్టించి, దాని మీద నిగనిగలాడే ఎమల్షన్ వేస్తే తడి బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. వానలో ప్లాస్టిక్ కోటు తొడుక్కున్నవాడికి లోపల చెమట పట్టినట్టే ఉంటుంది గోడ పని. తడితో పాటు వచ్చిన లవణాలు పొర వెనక గడ్డకట్టి, పెరిగి, పూతను ముందుకు తోస్తాయి. బొబ్బలు, ఆ పైన పెచ్చులు. మీ గోడ అడుగున డిస్టెంపరుకు పట్టిన గతి ఇదే కావచ్చు. నా అభిప్రాయంలో వీధి గదులకూ నడిమి గదికీ వెల్లే తగిన పూత. దాన్ని పేదింటి పూతగా చూడడం మానుకోవాలి. కొత్త వెల్లకు క్షారగుణం ఎక్కువ కనుక బూజు త్వరగా పట్టదు, వాసన ఉండదు, ఉబ్బసం ఉన్న పెద్దావిడకు అది ఎంతో మేలు.

రాయగడ మేస్త్రీ
నవంబర్ 7, ఉదయం 10:05

మాస్టారి మాట శాస్త్రానికి సరిపోతుంది, నేను కాదనను. కానీ పని చేయించేవాడిగా నా ఇబ్బంది కూడా వినాలి. సున్నం నానబెట్టి, గుడ్డలో వడపోసి, జిగురు కలిపి, చారలు పడకుండా పూసే మనుషులు మా వైపు తగ్గిపోయారు. ఈనాటి కుర్రాళ్ళకు రోలరు పట్టడం వచ్చు గానీ సున్నపు కుంచె పట్టడం రాదు. సంచిలో దొరికే పొడిసున్నం నీళ్ళలో కలిపి అప్పటికప్పుడు పూసేస్తే నాలుగు రోజులకే చేతికి, చీరకు అంటుతుంది. అప్పుడు ఇంటివారు తిట్టేది మమ్మల్నే. పెళ్ళింట్లో వచ్చినవాళ్ళందరి వీపులకూ సున్నం అంటితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

అందుచేత గోడ పొడిగా ఉందని తేలితే, లప్పం లేకుండా, మెరుపు ఏమాత్రం లేని మ్యాట్ రకం రెండు పల్చని కోట్లు వేయించవచ్చునని నా అభిప్రాయం. గోడలో చెమ్మ ఉంటే మాత్రం నేనూ సున్నమే అంటాను.

గుణుపురం మాస్టారు
నవంబర్ 7, మధ్యాహ్నం 2:30

అంటుకోవడం సున్నం దోషం కాదు, పూసే పద్ధతి దోషం. సున్నం ఎంత ఎక్కువ కాలం నానితే అంత మెత్తగా, జిగటగా తయారవుతుంది. దాన్ని పాలంత పల్చగా కలిపి, గోడను ముందుగా తడిపి, ఒక పూత నిలువుగా, మరునాడు ఇంకొకటి అడ్డంగా, ఆ తరవాత మూడోది వేయాలి. పొడి గోడ మీద చిక్కగా ఒక్కసారే పట్టిస్తే సున్నంలోని నీటిని గోడ లాగేసుకుంటుంది. గట్టిపడవలసిన సున్నం గట్టిపడక పొడిగానే మిగిలిపోతుంది. తుమ్మ జిగురో, బియ్యపు గంజో కలిపితే పట్టు ఇంకా పెరుగుతుంది. ఇంకో మాట: తడిగా ఉన్నప్పుడు వెల్ల దాదాపు కనిపించదు, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. అది తెలియనివారు పూత చాలలేదనుకుని చిక్కగా పూసేస్తారు.

పూసేవాళ్ళు కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పక పెట్టుకోవాలి. తడిసున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

గోపాల్‌పూర్ తీరం
నవంబర్ 7, రాత్రి 7:20

తీరప్రాంతం నుంచి ఒక మాట. మా వైపు గోడల్లో ఉప్పు రెండు దారుల్లో వస్తుంది. గాలిలోది ఒకటి, కట్టేటప్పుడు సరిగా కడగని ఇసుకలోది రెండోది. ఇసుకలోనే ఉప్పు ఉంటే ఎన్నిసార్లు గీకి రంగు వేసినా తెల్లటి పూత మళ్ళీ మళ్ళీ పైకి వస్తూనే ఉంటుంది. ఆ తెల్లటి ఉప్పును నీళ్ళతో కడగకూడదు, కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో రాల్చి, ఊడ్చి బయట పారబోయాలి.

తుపాను తరవాత తొందరపడడం కూడా మేము చూసిన సంగతే. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మీ గజపతి జిల్లాను ముంచెత్తింది. అలాంటి వానలో తడిసిన మందపు గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపల చాలా కాలం తడిగానే ఉంటుంది. మా వీధిలో ఫైలిన్ వచ్చిన ఏడాది దీపావళికే రంగులు వేయించుకున్న ఇళ్ళకు సంక్రాంతి నాటికి బొబ్బలు లేచాయి. ఇప్పుడు మీరు ఎన్నుకున్న కాలం మంచిదే. కార్తీకం దాటాక గాలిలో తేమ తగ్గుతుంది.

మహేంద్రతనయ
నవంబర్ 9, ఉదయం 9:10

అందరికీ ధన్యవాదాలు. ప్లాస్టిక్ కాగితాలు పెట్టి చూశాను. వీధి గదిలో అడుగున పెట్టినదానికి గోడ వైపు బొట్లు బొట్లుగా నీరు పట్టింది. ఛాతీ ఎత్తున పెట్టినది పొడిగానే ఉంది. నడిమి గది మొత్తం పొడి. వంటగదిలో గోడ వైపు ఏమీ లేదు గానీ గది వైపు జిడ్డుగా చెమర్చింది. చేతితో రాస్తే నడిమి గదిలోనూ తెల్లపొడి అంటుతోంది.

ఇంకో సంగతి గమనించాను. మా వీధి రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరిగి, ఇప్పుడు మా అరుగు అడుగు భాగం రోడ్డుకన్నా కిందికి పోయింది. వాన నీళ్ళు గోడ మొదట్లోనే నిలుస్తాయి. ఆ నీళ్ళు రాకూడదని కొన్నేళ్ళ క్రితం బయటివైపు మూడడుగుల ఎత్తున సిమెంటు ప్లాస్టరు చేయించారు.

రాయగడ మేస్త్రీ
నవంబర్ 9, ఉదయం 11:30

రోగం దొరికిందమ్మా. బయట సిమెంటు పట్టీ కట్టడంతో తడికి బయటివైపు దారి మూసుకుపోయి, గది వైపుకు తిరిగింది. పెళ్ళి లోపల చేయించుకోగలిగినది ఇంత: బయటి సిమెంటు పట్టీని జాగ్రత్తగా తీయించి, ఆ మేర సున్నపు ప్లాస్టరు చేయించండి. గోడ మొదట్లో నీరు గోడకు దూరంగా పోయే వాలుతో చిన్న కాలువ తీయించి, నీరు నిలవకుండా చేయండి. చూరు నీళ్ళు గోడ మీద పడుతుంటే వాటికి గొట్టం పెట్టించండి. లోపల ఊడిన చోట కూడా సిమెంటుతో మాట్లు వేయనివ్వకండి. ఆ మాటు చుట్టూ మళ్ళీ ఉప్పు లేస్తుంది. సున్నపు ప్లాస్టరు మీద వెల్ల వేయడానికి సిమెంటు గోడలాగా వారాల తరబడి ఆగనక్కరలేదు, రెండూ ఒకే జాతి కనుక.

వీధి గదులకు మాస్టారి సున్నమే ఖాయం. ఈ విషయంలో నా అభ్యంతరం వదులుకుంటున్నాను. నానబెట్టిన సున్నంతో పనిచేసే ఒక పెద్దాయన గుణుపురం దగ్గర ఇంకా ఉన్నారు, కనుక్కుంటాను.

పెరటి గదులు సిమెంటువి, పాతబడ్డవి, పొడిగా ఉన్నాయి. వాటికి లప్పం, ప్రైమర్, ఎమల్షన్ నిస్సంకోచంగా వేయించుకోవచ్చు. ఇంకెవరైనా కొత్త ప్లాస్టరుకు వేయించదలచుకుని ఇది చదువుతుంటే, ప్లాస్టరు చేసి తడిపిన తరవాత కనీసం 28 రోజులైనా ఆరనివ్వాలని గుర్తుంచుకోండి. కొత్త సిమెంటు క్షారం రంగును తినేస్తుంది.

జయపురం కోడలు
నవంబర్ 9, సాయంత్రం 5:45

వంటగది గురించి ఎవరూ వివరంగా రాయలేదు కనుక నేను రాస్తున్నాను. కాగితం మీద జిడ్డు చెమర్చిందంటే గోడకు నూనె పొర ఉన్నట్టే. మన ఇళ్ళలో పోపులూ వేపుళ్ళూ ఉంటాయి, ఇక్కడ ఆవనూనె వాడకం కూడా ఎక్కువే. ఆ పొగ పొయ్యి పైనే కాక ఎదురు గోడ పైభాగాన కూడా పేరుకుంటుంది. వేడినీళ్ళలో బట్టల సోడా గానీ గిన్నెల సబ్బు గానీ కలిపి, కింది నుంచి పైకి రుద్ది కడిగించి, మంచినీళ్ళతో మళ్ళీ తుడిపించండి. నూనె మీద ఎమల్షన్ నిలవదు. పొగ మరక లోతుగా దిగినచోట నీటి ప్రైమర్ వేస్తే పసుపు చార కొత్త రంగులోంచి మళ్ళీ పైకి తేలుతుంది. అక్కడ నూనె ప్రైమర్ వేయించాలి.

రంగు విషయానికి వస్తే వంటగదికి, పిల్లల గదికి కాస్త మెరుపున్న, కడగడానికి వీలైన రకం తీసుకోండి. మెరుపు ఎక్కువయ్యే కొద్దీ గోడ ఎత్తుపల్లాలు లైటు వెలుతురులో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి కనుక, ఆ గోడలకు లప్పం నునుపుగా రావాలి. వేసిన వెంటనే తడిగుడ్డ పెట్టకండి. చేతికి ఆరినట్టు తగిలినా రంగు పూర్తిగా గట్టిపడి కడగడానికి తట్టుకోవాలంటే సుమారు నాలుగు వారాలు పడుతుంది. పెళ్ళి వంటలు మొదలయ్యే లోపు ఆ గడువు పూర్తయ్యేలా వంటగదిని అన్నిటికన్నా ముందు చేయించండి.

పూజగది సున్నపు గోడల వైపు ఉంటే ఒక జాగ్రత్త చెప్పాలి. పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రబడతాయని హారతి నీళ్ళు కలిపే వాళ్ళందరికీ తెలుసు. కొత్త వెల్ల మీద పసుపు చెయ్యి పడితే అక్కడ ఎర్రటి మరక నిలుస్తుంది. పెళ్ళింట్లో పసుపు చేతులకు కొరత ఉండదు కనుక, వెల్ల కొన్ని వారాల ముందే పూర్తయి గట్టిపడాలి.

అత్తగారి ఉబ్బసం గురించి: ఆవిడ గది సిమెంటు గదుల్లో ఉంటే వాసన తక్కువగా ఉండే రకం అడగండి. దుకాణాల్లో ‘లో వీఓసీ’ అని ఉంటుంది. అలాంటిది వేసినా రంగు వేసే రోజుల్లోనూ ఆ తరవాత వారం పాటూ ఆవిడను వేరే గదిలో పడుకోబెట్టి, కిటికీలు తెరిచి ఉంచడం మంచిది. నిజానికి అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది రంగు వాసన కాదు, లప్పం రుద్దేటప్పుడు లేచే దుమ్ము. ఆ రోజు ఆవిడను బంధువుల ఇంటికి పంపించండి.

బరంపురం మగ్గం
నవంబర్ 10, ఉదయం 8:00

నేను పట్టు నేతపని చేసే కుటుంబంలోనివాడిని. మీ అమ్మాయి షేడ్ కార్డు గురించి, కిటికీ లేని నడిమి గది గురించి రాస్తాను. మా పాత వీధుల్లో ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని, ముఖం ఇరుగ్గా, లోపలికి పొడవుగా ఉంటాయి కనుక నడిమి గదుల చీకటి మాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

చీర కొనేవాళ్ళు దుకాణం లైట్ల కింద నచ్చినదాన్ని కూడా గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూసుకుంటారు కదా. గోడ రంగుకూ అదే పద్ధతి పాటించాలి. వెలుతురు మారితే రంగు మారుతుంది. కార్డు మీద బొటనవేలంత చతురస్రం చూసి నిర్ణయించకండి. రెండడుగుల చదరపు ప్లైవుడ్ ముక్కకు ప్రైమర్, దాని మీద మీరు అనుకున్న రంగు రెండు కోట్లు వేయించి, ఆరిన తరవాత ఏ గదికైతే అనుకున్నారో ఆ గదిలో గోడకు ఆనించండి. ఉదయం, మిట్టమధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడండి. పలకను కిటికీ పక్క గోడకు ఒకసారి, కిటికీ ఎదురు గోడకు ఒకసారి మార్చండి. ఒకే రంగు రెండు చోట్లా రెండు రకాలుగా కనిపిస్తుంది. తడిగా ఉన్నప్పుడు చూసి భయపడకండి. ఎమల్షన్ తడి మీద పాలిపోయినట్టుంటుంది, ఆరాక ముదురుతుంది.

లైటు సంగతి ముఖ్యం. ఎల్‌ఈడీ బల్బు పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉంటే వెలుతురు నీలిఛాయతో తెల్లగా ఉంటుంది. 2700, 3000 అని ఉంటే పసుపుఛాయతో ఉంటుంది. మొదటిదాని కింద లేత గోధుమ, మీగడ రంగులు బూడిదగా, నీరసంగా కనిపిస్తాయి. రెండోదాని కింద లేత నీలం మురికి ఆకుపచ్చగా తిరుగుతుంది. అందువల్ల పగలే లైటు వేసుకునే మీ నడిమి గదికి ముందు బల్బు నిర్ణయించి, ఆ తరవాతే రంగు నిర్ణయించాలి.

చీకటి గదికి మల్లెపువ్వులాంటి తెలుపు వేస్తే వెలుగు వస్తుందని చాలామంది నమ్ముతారు. పడడానికి వెలుతురే లేని చోట ఆ నీలిఛాయ తెలుపు బూడిదరంగుగా కనిపిస్తుంది. పసుపుఛాయ కొద్దిగా కలిసిన తెలుపు అక్కడ బాగుంటుంది. వెల్లలోనైతే కొద్దిగా పసుపు మట్టిరంగు కలిపితే సరిపోతుంది. పైకప్పు మాత్రం తెల్లగానే ఉంచండి, వెలుతురును కిందికి తిప్పి పంపేది అదే. పక్క గది తలుపులోంచి ఎంత వెలుతురు వస్తోందో, ఆ వెలుతురు తగిలే గోడ ఏదో చూసి, దాన్ని అన్నిటికన్నా లేత రంగులో ఉంచితే గది మొత్తం మారుతుంది.

పడమటి కిటికీ ఉన్న గదికి నారింజ, గులాబి ఛాయలు వద్దు. సాయంత్రపు ఎండలో కళ్ళకు మంటగా ఉంటాయి. మీ అమ్మాయి అడిగిన నీలం అలాంటి గదికి బాగుంటుంది. పెరట్లో కొబ్బరిచెట్లో మామిడిచెట్టో కిటికీకి దగ్గరగా ఉంటే, ఆకుల మీది వెలుతురు గోడ మీద పడి లేత రంగులన్నిటికీ ఆకుపచ్చ ఛాయ పూస్తుందని కూడా గుర్తుంచుకోండి. మా ఇంట్లో పట్టునూలు రంగులు సరిచూసుకునే గదికి ఏ రంగూ లేని లేత బూడిదతెలుపే వేసుకుంటాము, గోడ ఛాయ నూలు మీద పడకూడదని.

కోరాపుట్ కొండగాలి
నవంబర్ 10, మధ్యాహ్నం 12:20

మా ఊరు సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో తెల్లవారుజామున గోడలు చెమర్చి ఉంటాయి, ఉత్తరపు గోడకు నల్లటి బూజు పడుతుంది. బూజు మీద నేరుగా రంగు వేయించకండి. బ్లీచింగు నీళ్ళతో తుడిచి, ఆరాక వేయించాలి. బీరువాను గోడకు నాలుగైదు అంగుళాలు ఎడంగా పెట్టుకుంటే వెనక గాలి ఆడుతుంది. మంచు పట్టే ఊళ్ళలో ఉదయం తొమ్మిది దాటాక పని మొదలుపెట్టి, సాయంత్రం నాలుగుకల్లా ఆపడం మేలు.

ఒక సందేహం: ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వారి ఆవుపేడ రంగును ఎవరైనా వాడారా? 2021 జనవరి 12న విడుదల చేసిన ప్రాకృతిక్ పెయింటు గురించి అడుగుతున్నాను.

రాయగడ మేస్త్రీ
నవంబర్ 10, మధ్యాహ్నం 3:00

ఒక రైతు ఇంటికి వేయించాను. అందులో డిస్టెంపరు, ఎమల్షన్ అని రెండు రకాలున్నాయి. వాసన లేదు, ఆరాక పేడ ఛాయ కూడా కనిపించదు. లేత రంగుల్లో బాగుంది. గోడ సిద్ధం చేయవలసిన పద్ధతి మిగతా వాటికి లాగానే.

మహేంద్రతనయ
నవంబర్ 10, రాత్రి 9:05

ఇన్ని వివరాలు ఓపికగా రాసినందుకు ఎంతో కృతజ్ఞతలు. మిగిలినవి మూడు ప్రశ్నలు. పాత టేకు తలుపులకు, కిటికీ చువ్వలకు పొర మీద పొరగా ఎనామిల్ ఉంది; ఇంట్లో పసిబిడ్డ ఉండబోతోంది కనుక గీకించడానికి భయంగా ఉంది. గుమ్మాల పక్కన మార్గశిర లక్ష్మివారాలకు బియ్యప్పిండితో ముగ్గులు, పాదాలు వేస్తాము. అక్కడ ఏ పూత ఉండాలి? మా అమ్మాయికి హాలులో ఒక గోడకు సవర బొమ్మలు వేయించాలని ఉంది. అది ఎలా చేయించాలి?

రాయగడ మేస్త్రీ
నవంబర్ 11, ఉదయం 7:15

మీ భయం సరైనదే. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు) మించకూడదని 2016లో కేంద్రం నిబంధనలు చేసింది, అవి 2017 నవంబర్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన పొరలన్నిటిలో సీసం ఉన్నట్టే భావించి జాగ్రత్తపడాలి. పొడిగా ఎమరీ పేపరు పెట్టి రుద్దనివ్వకండి, దీపంతో కాల్చి ఊడదీయనివ్వకండి. నీటిలో ముంచిన వాటర్ పేపరుతో తడిగానే రుద్దించి, వచ్చిన బురదను గుడ్డతో తుడిచి సంచిలో కట్టి పారవేయించండి, పెరట్లో మొక్కల మొదట్లో పోయనివ్వకండి. గదిలో సామాను, ఉయ్యాల ముందే తీసేయాలి. పాత రంగు గట్టిగా పట్టుకుని ఉంటే పూర్తిగా ఊడదీయడం అనవసరం. మెరుపు పోయేలా తడిగా రుద్ది, ప్రైమర్ మీద కొత్త కోటు వేస్తే పాతది లోపలే ఉండిపోతుంది.

పాత పూత ఎనామిలో ఎమల్షనో తెలియని చోట దూదిని స్పిరిట్‌లో ముంచి రుద్దండి. దూదికి రంగు అంటితే ఎమల్షన్, అంటకపోతే నూనె రంగు. తలుపులకు తెల్ల ఎనామిల్ ఎన్నుకోకండి, వెలుతురు తగలని మూలల్లో అది పసుపుబారుతుంది.

గుణుపురం మాస్టారు
నవంబర్ 11, ఉదయం 8:40

గుమ్మం పక్కన మీ వెల్ల గోడే బియ్యప్పిండికి తగినది. తడిని పీల్చే గోడ మీద పిండి చక్కగా పడుతుంది, మెరిసే పూత మీద జారి ఎండి రాలిపోతుంది. తెలుపు మీద తెలుపు కనిపించదు కనుక గోడ అడుగున మూరెడు ఎత్తున జాజు (ఎర్రమట్టి) పట్టీ వేయించండి. జాజు మట్టిరంగు కాబట్టి సున్నపు క్షారానికి వెలిసిపోదు. సున్నంలో కలపడానికి పసుపు మట్టి, జాజు, నీలిమందు పనికివస్తాయి. దుకాణంలో రంగులు కలిపే టింటింగు మిషన్లో వాడే చాలా రంగులు సున్నంలో నిలవవు.

సవర బొమ్మల గురించి కొంచెం నిదానంగా రాస్తాను. మా గుణుపురం, పుట్టాసింగి వైపు కొండల్లో సవరలు ఎర్రమట్టి అలికిన లోపలి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ చిత్రాన్ని ఇడిటల్ అంటారు. వారికి అది అలంకారం కాదు. దేవతలకూ చనిపోయిన పెద్దలకూ ఆ గోడ మీద ఇల్లు కట్టి పెట్టడం. పూజతో వేయించి, ఆ దేవతను అక్కడ ఉండమని వేడుకుంటారు. అందువల్ల పుస్తకంలోని బొమ్మ చూపించి మన పెయింటరు చేత నకలు వేయించడం నాకు సమ్మతం కాదు. అమ్మకానికి, గోడలకు ఈ శైలిలో వేసే సవర చిత్రకారులు ఉన్నారు. వారినే పిలిపించి, ఇంటి గోడకు ఏది వేయవచ్చో వారినే ఎంచుకోనిచ్చి, తగిన ప్రతిఫలం ఇవ్వండి. చెట్లు, నెమళ్ళు, ఏనుగులు, నాట్యం చేసే వరసలు వారి చేతిలో ఎంతో అందంగా వస్తాయి. గోడ మీ పెరటి వైపు హాలులోదైతే మెరుపు లేని ఎర్రమట్టి రంగు ఎమల్షన్ రెండు కోట్లు వేయించి, పూర్తిగా ఆరాక తెల్లటి అక్రిలిక్‌తో బొమ్మలు వేయమనండి.

బరంపురం మగ్గం
నవంబర్ 11, ఉదయం 11:10

ఎర్రమట్టి రంగు, మీ అమ్మాయి కోరిన ముదురు ఆకుపచ్చ విషయంలో ఒక హెచ్చరిక. ముదురు రంగులు కలిపే బేసులో (రంగు కలపక ముందు డబ్బాలో ఉండే మూల పెయింటులో) గోడను కప్పే తెల్లపొడి దాదాపు ఉండదు. అందుకని రెండు కోట్లకు కింది తెలుపు కనిపిస్తూనే ఉంటుంది. ప్రైమర్‌లోనే కొంచెం ఆ రంగు కలిపించి, మూడు కోట్లకు సరిపడా లెక్క వేసుకోండి.

రాయగడ మేస్త్రీ
నవంబర్ 11, సాయంత్రం 6:00

లెక్క ఎలా కట్టాలో చెబుతాను. మీ పిల్లల గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. చుట్టుకొలత 44 అడుగులు, గోడలు 440 చదరపు అడుగులు. తలుపు 21, రెండు కిటికీలు 32 తీసేస్తే 387 మిగులుతుంది. లప్పం పెట్టిన నునుపు గోడకు మంచి ఎమల్షన్ లీటరుకు రెండు కోట్లకు 120 చదరపు అడుగులు వస్తుందనుకుంటే మూడు లీటర్ల పైచిలుకు పడుతుంది, కనుక నాలుగు లీటర్ల డబ్బా ఒకటి. మీరు తీసుకునే రకానికి డబ్బా మీద రాసి ఉన్న అంకెతో ఈ లెక్క మళ్ళీ కట్టుకోండి. గరుకు గోడ ఇంకా ఎక్కువ తాగుతుంది. నీళ్ళు కూడా డబ్బా మీద రాసిన మేరకే కలపనివ్వండి, పల్చన చేసి మిగిల్చిన రంగు గోడ మీద తక్కువవుతుంది.

ఒక గదికి కావలసిన రంగంతా ఒకేసారి కలిపించి, డబ్బాలన్నీ పెద్ద బకెట్లో పోసి కలియబెట్టాకే మొదలుపెట్టించండి. మిషన్లో రెండోసారి కలిపిన రంగుకు పిసరంత తేడా వచ్చినా గోడ మధ్యలో చార కనిపిస్తుంది. బేసు పేరు, రంగు నంబరు, కలిపిన తేదీ ఉన్న చీటీని తలుపు వెనక అంటించి ఉంచితే తరవాత మాట్లకు పనికివస్తుంది.

పని వరస ఇలా పెట్టుకోండి. ఈ వారమే వీధి వైపు సిమెంటు పట్టీ తీయించి గోడను ఆరనివ్వండి, ఆ లోపు వంటగది కడిగించి పూర్తి చేయించండి. ఆ తరవాత పిల్లల గది, మేడ గది. ప్రతి గదిలోనూ ముందు పైకప్పు, పిదప గోడలు, చివరికి తలుపులు. వెల్ల పని డిసెంబరు మొదటి వారంలో పట్టుకుందాం, అప్పటికి సున్నం కూడా బాగా నానుతుంది. పెద్దాయనతో మాట్లాడాను, వస్తానన్నారు. రాతిసున్నం తెప్పించి, మూత ఉన్న సిమెంటు తొట్టిలో రేపే నానబెట్టించండి. నీళ్ళు పోసేటప్పుడు సలసలా ఎగిరిపడుతుంది కనుక పిల్లలను దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్ డ్రమ్ము మాత్రం వాడకండి, ఆ వేడికి కరిగిపోతుంది.